ఇంట్లో కట్టిన కిట్ కారుకు మడ్‌గార్డులు బిగించడం ఎలా?

లోటస్ సెవెన్ తరహా కార్లలో ముందు చక్రాలు బాడీకి బయట ఉంటాయి. లోటస్ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన ఆ బండిని 1973 నుంచి కేటర్‌హామ్ సంస్థ తయారు చేస్తోంది. దాని పోలికతో కిట్ కార్లను, అంటే విడిభాగాలు తెచ్చుకుని ఇళ్ల గ్యారేజీల్లో సొంతంగా కట్టుకునే అలవాటు బ్రిటన్‌లో ఇప్పటికీ బాగా ఉంది. ఫ్రేము, ఇంజను, సస్పెన్షన్ పూర్తయ్యాక చాలామంది మడ్‌గార్డులను ఒక పూట పని అనుకుంటారు. నాలుగూ కుదురుగా కూర్చోవాలంటే రెండు శని, ఆదివారాలు పోతాయి. రోడ్డు మీద ఊడిపోయేవాటిలో, తనిఖీలో తిప్పి పంపించేవాటిలో మడ్‌గార్డులది పెద్ద వాటా.

మొదట ఒక తేడా మనసులో పెట్టుకోండి. ముందు మడ్‌గార్డు చక్రంతోపాటు ఎగురుతుంది, చక్రంతోపాటే తిరుగుతుంది. వెనుకది బాడీకి బిగిసి కదలకుండా ఉంటే, చక్రం దాని కింద పైకీ కిందికీ ఆడుతుంది. కాబట్టి ముందుదానికి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు తక్కువైనా పరవాలేదు, దాన్ని మోసే స్టే (ఆధార గొట్టం) మాత్రం ప్రతి గుంతలో చక్రం తినే దెబ్బంతా తింటుంది. వెనుకదానికి దెబ్బలు తక్కువ, సందు మాత్రం ఎక్కువ కావాలి. ముందు సందు కోసం, వెనుక బలం కోసం తంటాలు పడితే పని తలకిందులైనట్టే.

మొదలుపెట్టే ముందు

చివరికి ఏ చక్రాలు, ఏ టైర్లు వాడతారో అవే బండికి ఉండాలి. తాత్కాలికంగా ఎక్కించిన పాత టైర్ల మీద కొలతలు తీస్తే మళ్లీ మొదటికొస్తారు. రైడ్ హైట్ (నేల నుంచి బండి ఎత్తు), క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం), టో (చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగే కోణం) సెట్ చేసి ఉండాలి. స్టీరింగ్ ర్యాక్‌కు లాక్ స్టాపులు (స్టీరింగ్ మరీ ఎక్కువ తిరగకుండా ఆపేవి) కావాలంటే అవి కూడా ముందే పెట్టేయండి. మడ్‌గార్డు ముక్కు భాగానికి తగులుతోందని ఆ తర్వాత స్టాపు పెడితే బండి తిరిగే వలయం పెద్దదైపోతుంది.

ఇక్కడి లెక్కలన్నీ 195/50 ఆర్15 టైరుకు వేసినవి. రిమ్ము 381 మి.మీ., దానికి పైన ఒక 97.5, కింద ఒక 97.5 కలిపితే టైరు వ్యాసం 576, వ్యాసార్ధం 288 మి.మీ. టైరు మీద 195 అని రాసి ఉన్నా, బుగ్గ దగ్గర అసలు వెడల్పు 200 దాటుతుంది. అందుకే 8 అంగుళాల మడ్‌గార్డు, అంటే 203 మి.మీ.ది, కాగితం మీద సరిపోయినట్టు కనిపించి చక్రం మీద చాలకుండా పోతుంది. 9 అంగుళాలది తీసుకోండి. మీ టైరు వేరైతే ఇదే పద్ధతిలో లెక్క వేసుకోవచ్చు.

ఎంత కప్పాలి: నిబంధనలోని మెలిక

బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే ఐవీఏ అనే ఒంటి వాహనాల తనిఖీలో పాసవ్వాలి. కార్లకు 2009 నుంచి ఉన్నది ఇదే. చక్రం నడిబొడ్డు నుంచి నిలువుగా ఒక గీత ఊహించుకోండి. ఆ గీతకు ముందువైపు 30 డిగ్రీలు, వెనుకవైపు 50 డిగ్రీల మేర టైరు పూర్తి వెడల్పును మడ్‌గార్డు కప్పాలి. చక్రాలు సూటిగా ఉండగా చూస్తారు.

చాలామంది ఇక్కడితో చదవడం ఆపి 50 డిగ్రీల దగ్గర కోసేస్తారు. రెండో షరతు కూడా ఉంది: మడ్‌గార్డు వెనుక అంచు చక్రం నడిమి ఎత్తు కంటే 150 మి.మీ. మించి పైన ఆగిపోకూడదు. లెక్క వేసి చూడండి. మడ్‌గార్డు లోపలి వ్యాసార్ధం 325 మి.మీ. అనుకుంటే, 50 డిగ్రీల దగ్గర అంచు నడిమికి 209 మి.మీ. పైన ఉంటుంది, అంటే దాదాపు 60 మి.మీ. ఎక్కువ. అంచు 150కి దిగాలంటే వెనుక 62.5 డిగ్రీల దాకా రావాలి. ముందు 30 కలిపితే 92.5 డిగ్రీలు. వంపు వెంబడి కొలిస్తే దాదాపు 525 మి.మీ. అది కనీసం. ఓ 30 మి.మీ. అదనంగా ఉంచుకుని తర్వాత కోసుకోండి. కోసిన ఫైబర్ మళ్లీ పెరగదు.

మూడోది లోతు. ఆ 30, 50 డిగ్రీల మధ్య మడ్‌గార్డు అడ్డకోతలో లోపల కనీసం 30 మి.మీ. లోతుండాలి, చివరలకు వచ్చేసరికి అది మెల్లగా సున్నాకు తగ్గవచ్చు. అల్యూమినియం పట్టీని గుండ్రంగా వంచి ఇదే మడ్‌గార్డు అంటే ఇక్కడే ఆగిపోతుంది. దానికి రెండు పక్కలా కిందికి దిగే మడతలు ఉండాలి. సాధారణంగా దొరికే ఫైబర్ మడ్‌గార్డులకు ఆ వంపు ముందే ఉంటుంది. కొనేటప్పుడు ఒక స్కేలు అడ్డంగా పెట్టి లోతు కొలిస్తే సరి.

(ఇండియాలో ఇంట్లో కట్టిన కారును రోడ్డు మీద తిప్పడానికి ఇలాంటి తేలిక దారి లేదు. కాబట్టి హైదరాబాదులోనో విజయవాడలోనో కడుతున్నది ట్రాకుకో ప్రైవేటు స్థలానికో అయితే ఈ డిగ్రీలు వదిలేసినా, బిగింపు పద్ధతి మాత్రం వదలకండి.)

ముందు మడ్‌గార్డు: స్థానం నిర్ణయించడం

మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య స్టే గొట్టం కూడా పట్టాలి. 16 మి.మీ. గొట్టం, దాని కింద 20 మి.మీ. ఖాళీ కలిపితే 36. అందుకే 325 వ్యాసార్ధం తీసుకున్నాం. 20 కంటే తగ్గిస్తే టైరు గాళ్లలో ఇరుక్కున్న కంకర రాయి గొట్టాన్ని గీరుతుంది. మరీ 60, 70 పెడితే బురద ఎగరడం ఆగదు సరికదా, పిల్లాడికి నాన్న టోపీ పెట్టినట్టు ఉంటుంది.

36 మి.మీ. మందం గల చెక్కబద్దలు మూడు తీసుకుని టైరు మీద అడ్డంగా పెట్టి మాస్కింగ్ టేపుతో కట్టండి. ఒకటి నడినెత్తిన, ఒకటి ముందు, ఒకటి వెనుక. సరిగ్గా ఆ మందం దొరకకపోతే 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండేసి అతికించండి. ఫోమ్ వాడకండి, అణిగిపోయి కొలత మారుతుంది. బద్దల మీద మడ్‌గార్డు ఆనించి, టైరు చుట్టూ టేపు తిప్పి కదలకుండా కట్టండి.

ఇప్పుడు ముందు, వెనుక అంచులు చూసుకోవాలి. హబ్ నడిమి దగ్గర తూకం గుండు దారం వేలాడదీయండి. దారానికి ముందు 162 మి.మీ. దూరంలో ముందు అంచు హద్దు, వెనుక 288 మి.మీ. దూరంలో వెనుక అంచు హద్దు. ప్రొట్రాక్టర్ కంటే ఈ అడ్డ కొలతలే నమ్మకం. ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి కాకుండా హబ్ నడిమి నుంచి కొలవండి. గ్యారేజీ నేల ఎంత చదునుగా కనిపించినా ఒకవైపు వాలు ఉంటుంది.

మడ్‌గార్డు నేలకు నిటారుగా నిలబడాలని చూడకండి. చక్రానికి క్యాంబర్ ఉంటుంది కాబట్టి అది చక్రానికే సమాంతరంగా ఉండాలి. లోపలి పక్క, బయటి పక్క టైరు బుగ్గ నుంచి దూరం సమానంగా వచ్చేలా చూస్తే సరిపోతుంది. నేలకు నిటారుగా పెట్టిన మడ్‌గార్డు, వంగిన టైరు పక్కన నిలబడినప్పుడు ఎంత వంకరగా కనబడుతుందో ముందు నుంచి చూస్తేనే తెలుస్తుంది.

టేపు ఊడదీయకముందే ఇంకో పరీక్ష చేయాలి. బండిని స్టాండ్ల మీద ఎత్తి, ముందు చక్రం కింద జాకీ పెట్టి సస్పెన్షన్ పూర్తిగా పైకి నొక్కండి. స్ప్రింగు ఉండగా ఇది చేస్తే బండే లేస్తుంది కాబట్టి స్ప్రింగు తీసి ఒట్టి డ్యాంపరు (షాక్ అబ్జార్బరు) పెట్టుకోండి. ఆ స్థితిలో స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాలి. మళ్లీ చక్రం వేలాడుతుండగా ఒకసారి, మధ్య ఎత్తులో ఒకసారి తిప్పండి. మడ్‌గార్డు లోపలి వెనుక మూల బాడీ పక్కరేకుకు, ముందు మూల ముక్కు భాగానికో హెడ్‌లైట్ బ్రాకెట్‌కో దగ్గరగా వస్తుంది. ఎక్కడైనా 15 మి.మీ. కంటే తగ్గితే మడ్‌గార్డును రెండు, మూడు మి.మీ. బయటికి జరపండి, లేదా లోపలి మూల గుండ్రంగా కోయండి. సూటిగా నిలబెట్టి చూసి బాగుందనుకుని బిగిస్తే, మొదటిసారి పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు బాడీ రంగు లేచిపోతుంది.

స్టే తయారీ

అసలు పని ఇదే. స్టే అంటే హబ్‌ను మోసే అప్‌రైట్ నుంచి లేచి, టైరు లోపలి పక్కగా పైకి వెళ్లి, టైరు మీదుగా అడ్డంగా వంగి మడ్‌గార్డును మోసే గొట్టం. ఒక్కో చక్రానికి రెండు కాళ్లు కావాలి, ఒకటి ముందు, ఒకటి వెనుక. ఒక్క కాలితో నిలబెడితే మడ్‌గార్డు జెండా కర్రలా ఊగుతుంది, ఆ ఊపుకు వెల్డింగ్ అలిసిపోయి విరుగుతుంది.

గొట్టం బయటి వ్యాసం 16 మి.మీ., గోడ మందం 1.5 నుంచి 2 మి.మీ. ఉన్న మైల్డ్ స్టీలు. నిండు కడ్డీ బలంగా ఉంటుందనుకుంటారు గాని, దాని బరువే దాన్ని ఊపుతుంది. అదే బరువుకు గొట్టమే గట్టిగా నిలుస్తుంది. కింద అప్‌రైట్‌కు బిగించే ప్లేటు 5 మి.మీ. రేకు. మడ్‌గార్డు కింద కూర్చునే పట్టీలు 25×3 మి.మీ. పట్టీ ఇనుము.

ముందు తీగతో నమూనా చేసుకోండి. 3 మి.మీ. మెత్తని ఇనుప తీగను అప్‌రైట్ నుంచి మడ్‌గార్డు దాకా ఏ దారిన వెళ్లాలో ఆ దారిన వంచండి. బ్రేకు హోసు, ట్రాక్‌రాడ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ) కొస, పై విష్‌బోన్ (సస్పెన్షన్ చేయి), డ్యాంపరు, వీటిలో దేనికీ తగలకుండా ఉండాలి. చక్రం లోపలి రిమ్ము నుంచి కనీసం 10 మి.మీ. ఖాళీ ఉండాలి. తీగ కుదిరితే దాని ప్రకారం గొట్టం వంచండి. వంపు వ్యాసార్ధం గొట్టం వ్యాసానికి మూడింతలు, దాదాపు 48 మి.మీ. పెట్టుకుంటే గొట్టం చప్పిడి కాదు. బెండరు లేకపోతే పాత పద్ధతే: గొట్టంలో ఇసుక కూరి, రెండు చివరలా చెక్క బిరడాలు కొట్టి, వంచే చోట ఎర్రగా కాల్చి వంచండి. ఇసుకను ముందు పెనం మీద వేయించి పూర్తిగా ఆరబెట్టాలి. తడి ఉంటే ఆవిరి పట్టి బిరడా తూటాలా ఎగురుతుంది.

ప్లేటు ఎక్కడ బిగించాలి? అప్‌రైట్ మీద వాడని మర బెజ్జాలు ఉంటే అక్కడ. చాలా అప్‌రైట్లకు అవి ఉండవు కాబట్టి బ్రేకు క్యాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) బోల్టులనే వాడుకుంటారు. అలా వాడేటప్పుడు మూడు జాగ్రత్తలు తప్పనిసరి. ప్లేటు బోల్టు తల కింద ఉండాలి. క్యాలిపర్‌కూ అప్‌రైట్‌కూ మధ్య దూరిస్తే క్యాలిపర్ పక్కకు జరిగి డిస్కు మీద వంకరగా కూర్చుంటుంది. రెండు, 5 మి.మీ. ప్లేటు చేరింది కాబట్టి బోల్టు కూడా 5 మి.మీ. పొడవైనది, అదే గ్రేడుది కావాలి. ఎం12 (12 మి.మీ.) బోల్టుకు కనీసం 18 మి.మీ. మర లోపలికి దిగాలి. పాత బోల్టే పెడితే మర 5 మి.మీ. తక్కువగా దిగుతుంది. మరీ పొడవుదైతే కొస డిస్కుకు తగులుతుంది, చక్రం చేత్తో తిప్పి చూడండి. మూడోది చాలామందికి తట్టదు: బోల్టు తల ఆనే చోట ప్లేటు మీద రంగు గాని, పౌడర్ కోటింగ్ గాని ఉండకూడదు. బిగింపు ఒత్తిడికి, బ్రేకు వేడికి ఆ పొర నెమ్మదిగా నలిగి పలచబడుతుంది, ఆ మేరకు బోల్టు వదులవుతుంది. కోటింగ్‌కు ఇచ్చేముందు ఆ చోట్ల టేపు వేయమని చెప్పండి. బిగించేటప్పుడు థ్రెడ్‌లాక్ (మర వదులవకుండా పట్టే జిగురు) వేసి, మీ అప్‌రైట్ తయారీదారు చెప్పిన టార్కుకే బిగించండి.

వెల్డింగ్ బండి మీద చేయకండి. కొలతలు మార్కర్‌తో గుర్తుపెట్టుకుని, ప్లేటును చెక్కకో బల్లకో బిగించి బయటే ట్యాక్ (తాత్కాలికంగా చుక్కల వెల్డ్) వేయండి. గాలి నింపిన టైరు పక్కన వెల్డింగ్ ప్రమాదం. పైగా ఎర్త్ క్లిప్పు ఎక్కడో పెట్టి అప్‌రైట్ మీద వెల్డ్ చేస్తే కరెంటు వీల్ బేరింగు గుండా పోయి, గుండ్ల మీద సన్నని మచ్చలు పడతాయి. నెల తిరిగేసరికి బేరింగు గురగురమంటుంది. ట్యాక్ వేశాక బండికి పెట్టి సరిచూసి, మళ్లీ తీసి పూర్తి వెల్డ్ వేయండి.

స్టేలు విరిగేది దాదాపు ఎప్పుడూ ప్లేటు దగ్గర, వెల్డ్ అంచునే. గొట్టం కొసను ప్లేటు అంచుకు నిలువుగా ఆనించి చుట్టూ ఒక గీత వెల్డ్ వేస్తే ఊపు మొత్తం ఆ ఒక్క గీత మీద పడుతుంది. దానికి బదులు గొట్టం కొసకు చీలిక కోసి, ప్లేటు మీదికి 25 మి.మీ. దాకా తొడిగి, రెండు పక్కలా పొడవుగా వెల్డ్ చేయండి. రెండు కాళ్లనూ కలుపుతూ మధ్యలో 10 మి.మీ. కడ్డీ ఒకటి అడ్డంగా వేయండి. ఈ అడ్డకడ్డీ వేస్తే ఊపు ఎంత తగ్గిందో చేత్తో పట్టుకుని ఊపితే తెలిసిపోతుంది. గొట్టాల కొసలు చిన్న రేకు బిళ్లలతో మూసి వెల్డ్ చేయండి. లేదంటే శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు నీళ్లు లోపలికి చేరి, బయట రంగు తళతళలాడుతుండగానే లోపల గొట్టం తుప్పుపడుతుంది.

ఇంకొక మాట. కుడి స్టే, ఎడమ స్టే అద్దంలో ప్రతిబింబాల్లా ఉండాలి. ఒకటి బాగా వచ్చింది కదా అని అచ్చంగా దానిలాగే రెండోది చేస్తే రెండూ కుడి కాలి చెప్పులే అవుతాయి. మొదటిదాన్ని చెక్క మీద పెట్టి గీత గీసి, చెక్కను తిరగేసి రెండోది చేసుకోండి.

మడ్‌గార్డును స్టేకు కట్టడం

25×3 పట్టీలను మడ్‌గార్డు లోపలి వంపుకు సరిగ్గా వంచి, స్టే అడ్డభాగానికి వెల్డ్ చేయాలి. పట్టీ గొట్టానికి పక్కగా ఉంటే నట్టు గొట్టం ఎత్తును మించి టైరు వైపు రాదు. పట్టీ వంపు కుదరకుండా బోల్టు బిగిస్తే ఫైబర్ వంగి పట్టీని అందుకుంటుంది, ఆ ఒత్తిడి అలాగే నిలిచిపోతుంది. ఫైబర్ పైనుండే నున్నని రంగు పొర, జెల్‌కోట్‌లో సాలెగూడు లాంటి పగుళ్లు రావడానికి మొదటి కారణం ఇదే. వేలితో నొక్కకుండా, మడ్‌గార్డు తన బరువుకే పట్టీ మీద కూర్చుంటే పట్టీ కుదిరినట్టు.

బిగించే చోట ఫైబర్ మందం చూడండి. 3 మి.మీ. కంటే తక్కువుంటే లోపల బలం చేర్చాలి. ఆ చోటును 80 నంబరు ఉప్పుకాగితంతో గరుకుగా చేసి, అసిటోన్‌తో తుడిచి, చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే గ్లాస్ మ్యాట్ రెండు పొరలు పాలిస్టర్ రెజిన్‌తో వేయండి. 100 గ్రాముల రెజిన్‌కు 2 గ్రాముల హార్డెనర్. గ్యారేజీ 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే రెజిన్ జిగటగానే ఉండిపోతుంది, హీటరు పెట్టుకోండి. హార్డెనర్ కంట్లో పడితే చూపుకే ముప్పు. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఆ సీసా మూత తీయకండి. ఫైబర్ కోసేటప్పుడు సన్నని దుమ్మును ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కు కూడా.

బెజ్జాలు ఎప్పుడూ జెల్‌కోట్ వైపు నుంచే వేయండి. టేపు వేసి, దాని మీద గుర్తుపెట్టి, డ్రిల్లును కాసేపు వెనక్కి తిప్పుతూ పై పొరను అరగదీయండి. తర్వాత ముందుకు తిప్పుతూ 3 మి.మీ. బెజ్జం, ఆ తర్వాత 7 మి.మీ. ఎం6 బోల్టుకు ఒక మి.మీ. వదులు ఉంటే ఫైబర్ అంచు మర మీద ఆనదు. మడ్‌గార్డు అంచు నుంచి కనీసం 25 మి.మీ. లోపలే బెజ్జం ఉండాలి.

ఒక్కో మడ్‌గార్డుకు నాలుగు ఎం6 బోల్టులు, కాలికి రెండు. పైన గుండ్రని తల, దాని కింద 25 మి.మీ. పెద్ద వాషరు, వాషరుకూ ఫైబర్‌కూ మధ్య పలుచని రబ్బరు. ఫైబర్‌కూ పట్టీకీ మధ్య ఇంకో రబ్బరు, కింద నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది). నట్టు కింద రెండు మరలు మాత్రమే కనబడాలి, మిగతా కొస కోసి ఆకురాయితో నున్నగా చేయండి. రబ్బరు కొద్దిగా ఉబ్బినట్టు కనబడగానే ఆపేయండి. నైలాక్ నట్టు తానుగా వదులవదు కాబట్టి ఇంకా బిగించాల్సిన పని లేదు. చేతిలో స్పానర్ ఉంది కదా అని ఇంకో చుట్టు తిప్పితే ఫైబర్ నలుగుతుంది.

పైన బోల్టు తలలు కనబడకూడదనుకునేవారు సికాఫ్లెక్స్ లాంటి పాలియురేథేన్ అంటుతో పట్టీలకే అతికిస్తారు. బాగానే పట్టుకుంటుంది, రెండు షరతుల మీద. అంటు పొర 2, 3 మి.మీ. మందం ఉండాలి, పిండి పలచన చేస్తే సాగే గుణం పోతుంది. అందుకోసం పట్టీ మీద చిన్న రబ్బరు ముక్కలు ఆసరాగా పెట్టి దాని మీద నొక్కండి. ఇది గాలిలోని తేమతో గట్టిపడే అంటు, రోజుకు మూడు, నాలుగు మి.మీ. చొప్పున అంచు నుంచి లోపలికి ఆరుతుంది. 25 మి.మీ. పట్టీకి రెండు పక్కల నుంచి లెక్కేసినా నాలుగు రోజులు కావాలి, చలికాలమైతే వారం. ఆదివారం అతికించి సోమవారం బండి తీస్తే మడ్‌గార్డు దారిలోనే మిగులుతుంది. తీసి మళ్లీ పెట్టాలంటే కోసేయడమే దారి కాబట్టి, మొదటిసారి కట్టేవారికి బోల్టులే మేలు.

వెనుక మడ్‌గార్డు

వెనుక మొదటి ప్రశ్న: చక్రం పైకి ఎంత వస్తుంది? రెండువైపులా స్ప్రింగులు తీసి, డ్యాంపర్లు మాత్రం బిగించి, మొదట వెనుక రెండు చక్రాలూ కలిపి, తర్వాత ఒక్కోటిగా బంప్ రబ్బరు (సస్పెన్షన్ పైకి పోకుండా ఆపే రబ్బరు దిమ్మ) సగానికి అణిగేదాకా జాకీతో లేపండి. ఆ పైస్థానంలో టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య 25 మి.మీ. మిగలాలి.

లైవ్ యాక్సిల్ (రెండు వెనుక చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) బండైతే ఒక చక్రమే లేపి చూడడం మరీ ముఖ్యం. ఒక చక్రం 60 మి.మీ. పైకి, ఇంకోటి 40 కిందికి పోతే యాక్సిల్ వాలుతుంది. ట్రాక్ (రెండు చక్రాల నడుమ దూరం) 1300 మి.మీ. అనుకుంటే ఆ వాలు నాలుగు డిగ్రీల పైచిలుకు. దాంతో లేచిన చక్రం నెత్తి 22 మి.మీ. లోపలికి, బాడీ వైపు వాలుతుంది. రెండు చక్రాలు కలిపి లేపినప్పుడు ఇది కనబడదు. అప్పుడు అంతా బాగుందనిపించి, తర్వాత ఒకవైపు గుంతలో లోపలి రేకు రాసుకుని టైరు బుగ్గ కాలిన వాసన వస్తుంది.

స్థానం కుదిరాక మడ్‌గార్డు అంచును పక్కరేకుకు ఆనించి గీత గీయండి. వెనుక అంచు 150 మి.మీ. షరతు ఇక్కడ కూడా వర్తిస్తుంది. డ్రైవరు కూర్చుంటే బాడీతోపాటు మడ్‌గార్డు కాస్త దిగుతుంది కాబట్టి ఖాళీ బండిలోనే 150 లోపు వస్తే నిశ్చింత.

పక్కరేకు సాధారణంగా 1.2 మి.మీ. అల్యూమినియం, ఒంటిగా మడ్‌గార్డును మోయలేదు. లోపలివైపు 25 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం పట్టీని వంపు వెంబడి నడపండి. బోల్టులు ఆ పట్టీ గుండా పోవాలి. 120 మి.మీ. ఎడంగా ఒక్కోవైపు ఎనిమిదో తొమ్మిదో ఎం6 బోల్టులు పడతాయి. లోపలికి చేయి దూరని చోట రివ్‌నట్ (బయటి నుంచే రేకుకు రివెట్‌లా బిగించే నట్టు) వాడుకోవచ్చు. ఎం6 రివ్‌నట్‌కు 9 మి.మీ. బెజ్జం. బెజ్జం కొంచెం పెద్దదైనా రివ్‌నట్ బోల్టుతోపాటు తిరుగుతుంది, ఇక అది బయటికీ రాదు లోపలికీ పోదు. కాబట్టి 8.5 వేసి, చూసుకుంటూ ఆకురాయితో పెంచండి.

మడ్‌గార్డుకూ బాడీకీ మధ్య వింగ్ పైపింగ్ అనే రబ్బరు తోక పట్టీ వేస్తారు. దాని తోకకు బోల్టుల దగ్గర గాట్లు కోసి, బోల్టులన్నీ సగం బిగించి, పైపింగ్‌ను పై నుంచి దించి వరసగా మధ్య నుంచి చివరలకు బిగించాలి. చివరల నుంచి మొదలుపెడితే మధ్యలో అలలు లేస్తాయి.

స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియాన్ని ఉప్పు తడిలో తింటుంది. రేకు మీద బోల్టు చుట్టూ తెల్లని పొడి కనబడితే అదే. బోల్టు తల కింద నైలాన్ వాషరు, మర మీద డ్యూరలాక్ లాంటి అడ్డు పేస్టు వేయండి. స్టెయిన్‌లెస్ బోల్టు మీద స్టెయిన్‌లెస్ నైలాక్ నట్టును ఎలక్ట్రిక్ రాట్చెట్‌తో వేగంగా తిప్పకండి. మరలు వేడెక్కి ఒకదానికొకటి కరుచుకుపోతాయి, ఆ తర్వాత రంపమే గతి.

అంచులు, దీపాలు

బయటి నుంచి చేయి తగిలే అంచులకు ఐవీఏలో కనీసం 2.5 మి.మీ. వ్యాసార్ధం అడుగుతారు. 3 మి.మీ. మందం ఫైబర్ అంచును ఎంత నున్నగా రుద్దినా 1.5 కంటే రాదు, మందంలో సగమే కదా. అంచు మడిచి ఉన్న మడ్‌గార్డు కొనండి, లేదా యూ ఆకారపు రబ్బరు ట్రిమ్ తొడగండి. ట్రిమ్ లోపల అంటు వేసి తొడగాలి, చేత్తో లాగితే ఊడేది పనికిరాదు. బయటికి కనబడే నట్లకు గుండ్రని టోపీలు తొడగండి.

వెనుక దీపాలు మడ్‌గార్డు మీదే పెడుతుంటే ప్రతి దీపానికీ వేరే ఎర్త్ వైరు లాగండి. ఫైబర్‌లో కరెంటు పారదు. ఇండికేటరు వేస్తే బ్రేకు దీపం మసకగా వెలగడం ఎర్త్ సరిగా లేదనడానికి గుర్తు. ముందు మడ్‌గార్డు మీద దీపం ఉంటే వైరును స్టే వెంబడి కట్టి, స్టీరింగ్ రెండు కొసలకూ తిప్పినప్పుడు బిగుసుకోకుండా ఒక వదులు మెలిక వదలండి.

మొదటి 50 కిలోమీటర్లు

బయలుదేరే ముందు ప్రతి నట్టు మీదా, దాని పక్క లోహం మీదా కలిపి తెల్లరంగు గీత గీయండి. 50 కి.మీ. తర్వాత గీత విరిగిన చోట నట్టు కదిలినట్టు. స్టే వెల్డ్ అంచుల మీద రంగులో సన్నని గీత లాంటిది, దాని పక్కన గోధుమ రంగు తుప్పు మరక కనబడితే అది పగులే. దాని మీద ఇంకో పొర వెల్డ్ వేస్తే పగులు పక్కకు జరుగుతుంది తప్ప ఆగదు, రుద్ది పూర్తిగా తీసేసి చీలిక తొడుగుతో మళ్లీ కట్టాలి. టైరు నడిమి వెంబడి కొత్తగా మెరిసే గీత ఉంటే ఏదో బోల్టు కొస దిగింది. 500 కి.మీ. దగ్గర ఇదే ఇంకోసారి చూడండి, అప్పుడు క్యాలిపర్ బోల్టులను టార్కు రెంచితోనే సరిచూడండి.